‘నిపుణులు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘నిపుణులు’ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, తెల్లారకముందే మా ఫోన్లలో కనిపిస్తూనే ఉంటారు. పరగడుపున ఏం తాగాలో, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో, ఏ పండు గింజ పారేయకూడదో అన్నీ మీరే చెబుతారు. ఉత్తరం కవరులో పెట్టి పంపుదామంటే మీకు ఊరూ పేరూ లేవు. ఒకచోట ‘ప్రముఖ వైద్యులు’, ఇంకోచోట ‘నాసా శాస్త్రవేత్తలు’, బద్ధకం వేసినరోజు ‘ఒక పరిశోధనలో తేలింది’. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

మీ సర్వీసు రికార్డు తిరగేశాను. మన జాతీయగీతం ప్రపంచంలోకెల్లా ఉత్తమమని యునెస్కో ప్రకటించిందన్నారు. అలాంటిదేమీ లేదని యునెస్కో 2008లోనే చెప్పినా, పంద్రాగస్టు వచ్చిందంటే ఆ బహుమతి మళ్లీ ఇప్పిస్తూనే ఉన్నారు. 2016లో కొత్త 2000 రూపాయల నోటులో నానో చిప్ ఉందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని అన్నారు. 2023లో నోటునే వెనక్కి తీసుకున్నారు, చిప్ మాత్రం ఎవరికీ దొరకలేదు. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న మీ మాటకి 2020 ఫిబ్రవరిలో తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. (వాళ్లకి మీ వల్ల జరిగిన ఉపకారం అదొక్కటే.)

ఇవన్నీ నవ్వి వదిలేయొచ్చు. 2018 సంగతి అలా వదల్లేం. పిల్లల భద్రత గురించి కరాచీలో తీసిన ఒక వీడియోలో బైకు మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు, మళ్లీ తెచ్చి దించి హెచ్చరిక బోర్డు చూపిస్తారు. ఆ చివరిముక్క కోసేసి, ముఠాలు దిగాయని దేశమంతా తిప్పారు. అది నమ్మిన జనం, ఊరికి కొత్తగా కనిపించిన పాపానికి మనుషుల్ని కొట్టి చంపారు, హైదరాబాద్‌లో కూడా. గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లలోకి పంపి, పాటలు కట్టించి మరీ జనానికి నచ్చజెప్పారు.

మిమ్మల్ని ఎలా పట్టుకోవాలో స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో చూపించారు. 10 మంది చరిత్రకారులు, 25 మంది విద్యార్థులు, 10 మంది ఫ్యాక్ట్‌చెకర్ల ముందు కొన్ని వెబ్‌సైట్లు పెట్టారు. అందులో పిల్లల వైద్యుల సంఘాలు రెండు. 1930లో పుట్టిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒకటి, దాన్నుంచి 2002లో విడిపోయిన చిన్న గుంపు అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్ ఇంకోటి. పేర్లు రెండూ ఘనమైనవే. పండితులూ విద్యార్థులూ పేజీని పైనుంచి కిందికి బుద్ధిగా చదివారు, లోగో చూశారు, భాష చూశారు, చాలామంది పప్పులో కాలేశారు. ఫ్యాక్ట్‌చెకర్లు అక్కడ ఆగనే లేదు. ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లేమంటున్నారో చూసి చప్పున తేల్చేశారు. శ్రద్ధగా చదవమని మాకు బళ్లో నేర్పారు. మీ దగ్గర ఆ శ్రద్ధే కొంప ముంచుతోంది.

ఇక అసలు ఫిర్యాదు, ప్లాస్టిక్ బియ్యం. 2017లో అన్నం ముద్దని నేలకేసి కొట్టి, ఎగిరింది చూడండన్నారు. గట్టిగా పిసికితే ఏ అన్నమైనా ఎగురుతుంది, అది గంజి జిగురు మహిమ. అక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నేళ్లకి రేషన్ బియ్యంలో నిజంగానే వేరే గింజలు వచ్చాయి. రక్తహీనత తగ్గాలని, బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి, మెషీన్లో గింజల్లా ఒత్తి, 100 గింజలకి ఒకటి చొప్పున కలపడం మొదలుపెట్టారు. అవి రంగులో కాస్త తేడా, కొన్ని నీళ్లలో తేలతాయి కూడా. చేటలో పోసి చూసినావిడ కళ్లు అబద్ధమాడలేదు. కానీ అదేమిటో చెప్పడానికి సర్కారు కంటే ముందు మీరొచ్చారు. గోనెసంచి మీద పోషకాలు కలిపారని తెలిపే ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది, కాటా వేసి మన సంచిలో పోశాక ఆ గుర్తు ఎవరికి కనబడుతుంది?

ఈ బియ్యం మీద అడగాల్సిన ప్రశ్నలు లేకపోలేదు. తలసీమియా, సికిల్‌సెల్ ఉన్నవాళ్లకి అదనపు ఇనుము మాటేమిటని పేరూ చదువూ ఉన్న వైద్యులే అడిగారు. ఆ చర్చ మాకు వినబడాలి. మీ ‘ప్లాస్టిక్’ గోలలో వినబడలేదు. రక్తం చాలని ఇల్లాలే కూర్చుని, తన కోసం కలిపిన గింజల్ని ఏరి పారేస్తోంది.

కాబట్టి ఆ గింజలు ప్లాస్టిక్ కాదని తమరే ఒక ఫార్వర్డ్ పెట్టించండి. ఇనుము పడనివాళ్లు డాక్టర్ని అడగాలని కూడా రాయండి. చివర్లో మాత్రం ‘11 మందికి పంపితే శుభవార్త వింటారు’ అని చేర్చడం మరవకండి. లేకపోతే మావాళ్లు నమ్మరు.

ఇట్లు,
తమ హితబోధలు రోజూ అందుకుంటున్న
ఒక గ్రూపు సభ్యుడు