తొట్టిమూత సూత్రాలు – టీకా తాత్పర్య సహితం

మూలం: బోరు నీళ్లు వద్దు. ఎ, బి విడిగా. పీహెచ్ 5.5–6.5. ఎక్కితే యాసిడ్ కొంచెం. రేపు మళ్లీ చూడు. 15 రోజులకు నీళ్లు మార్చు.

అవతారిక: హైదరాబాదులో ఒక అపార్టుమెంటు బాల్కనీలో, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ తొట్టి మూతమీద నల్ల మార్కరుతో రాసి ఉన్న ఈ ఆరు సూత్రాలకు కర్త ఎవరో మూతమీద లేదు గాని, ఆ మూతకే ఆరు రంధ్రాలు చేసి, వాటిలో నెట్ పాట్లు దించి, లెట్యూస్, పాలకూర మొక్కల వేళ్లు కింది నీటిని అందుకునేలా అమర్చిన గృహస్థుడే సూత్రకారుడని వ్యాఖ్యాతలు ఒప్పుకుంటారు. ఆరు రంధ్రాలకు ఆరు సూత్రాలని సంఖ్యాసామ్యం చూపి గూఢార్థం లాగేవారున్నారు, అది కాకతాళీయం. మట్టి లేకుండా, నీటిలో కరిగిన పోషక లవణాలతోనే మొక్కను పెంచే విద్యకు హైడ్రోపోనిక్స్ అని పేరు. 1860ల నాటికే జర్మనీలో జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ ప్రయోగశాలల్లో నడిపిన ఈ విద్యకు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున డెన్నిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్ 1938లో వెలువరించిన చిన్న పుస్తకం నేటికీ ప్రమాణం. సూత్రకారుడు దానిని చదివిన దాఖలా లేదు. అయినా క్లుప్తతలో ఎవరికీ తీసిపోడు, క్రియాపదం లేకున్నా పని జరుగుతుందనిపించిన చోటల్లా దానిని నిర్దయగా వదిలేశాడు.

ప్రథమ సూత్రం: బోరు నీళ్లు వద్దు.

టీక: బోరు నీళ్లు = నేలలోకి గొట్టం దించి మోటారుతో తోడిన నీరు; వద్దు = తొట్టిలో పోయరాదు. పాఠభేదం: తడి తగిలి 'వ' చెరిగిపోయినందువల్ల దీనిని 'బోరు నీళ్లు ముద్దు' అని చదివేవారు కొందరున్నారు. వారిది చాదస్తమని ముందే తోసిపుచ్చడం న్యాయం కాదు, ఎందుకో తర్వాత తేలుతుంది.

విశేషం: హైదరాబాదు కింద ఉన్నది గ్రానైట్ రాతి నేల. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని రాతి పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లను వెంట తెచ్చుకుంటుంది. బకెట్టుకు గార కట్టినా, సబ్బు నురగ రాకపోయినా, కందిపప్పు ఎంతకీ ఉడకకపోయినా ఆ నీటి గుణం వంటింటివారికి మీటరు లేకుండానే తెలుస్తుంది. ఇందులో బైకార్బొనేట్లదే అసలు కథ. నీటిలో పోసిన ఆమ్లాన్ని మింగి, పీహెచ్‌ను కదలనివ్వకుండా ఉంచే శక్తికి క్షారత అని పేరు. ఆ శక్తి నీటికి ప్రధానంగా బైకార్బొనేట్ల వల్లనే వస్తుంది. పీహెచ్, క్షారత ఒకటే అనుకోవడం ఈ విద్యలో మొదటి పొరపాటు. పీహెచ్ అనేది నీరు ఈ క్షణాన ఉన్న స్థితిని చెబుతుంది, క్షారత ఆ స్థితిని వదలడానికి నీరు ఎంత మొండికేస్తుందో చెబుతుంది. పీహెచ్ 7.8 చూపే రెండు గ్లాసుల నీటిలో ఒకటి రెండు చుక్కల ఆమ్లానికే దిగిరావచ్చు, రెండోది చెంచాడు పోసినా ఉలకకపోవచ్చు; కలం ఆకారపు పీహెచ్ మీటరుకు ఆ తేడా కనబడదు.

పూర్వపక్షం: ఇంటిల్లిపాదీ తాగుతున్న నీరు పాలకూరకు పనికిరాదా? సమాధానం: తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) క్షారతను లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదించి, వేరే నీరు దొరకని చోట 600 వరకు సహిస్తుంది, ఆ ప్రమాణం మనిషికి రాసింది గాని తొట్టికి కాదు. పైగా కరిగిన లవణాల మాట కూడా ఉంది. నీటిలో లవణాలు పెరిగేకొద్దీ విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది కనుక ఆ ప్రవాహాన్నిబట్టి లవణాల మోతాదును అంచనా వేస్తారు. ఆ కొలతే ఈసీ. లెట్యూస్ వంటి ఆకుకూరకు ద్రావణం ఈసీ సుమారు 1 నుంచి 1.8 వరకు సరిపోతుంది. టీడీఎస్ మీటరు 900 చూపే బోరు నీటి ఈసీ ఇంచుమించు 1.8. అంటే ఎరువు చుక్క పడకముందే మొక్క విస్తరి నిండిపోయింది, అందులో ఉన్నది మాత్రం చాలావరకు అది కోరిన అన్నం కాదు. ఇక్కడ ఇంకో చిక్కుంది: కొన్ని మీటర్లు ఈసీని 500తోను, కొన్ని 700తోను హెచ్చవేసి టీడీఎస్ చూపుతాయి కాబట్టి, అదే నీరు ఒకరి మీటరులో 900, పొరుగువారి మీటరులో 1260 అయి, బాల్కనీల మధ్య వాగ్వాదాలకు కారణమవుతుంది. ఇద్దరూ ఈసీనే చదువుకుంటే తగాదా ఉండదు.

ఆర్ఓవాదుల మతం ప్రకారం తొట్టి నిండా ఆర్ఓ నీరే పోయాలి. అది శుద్ధమే గాని, క్షారత దాదాపు లేని ఆ నీటికి నిలకడ ఉండదు. ఒక చుక్క ఆమ్లం ఎక్కువైతే పీహెచ్ ఒక్కసారిగా నాలుగుకు జారుతుంది, కాల్షియం కూడా విడిగా కొని పోయాలి. కాబట్టి సిద్ధాంతమేమంటే, క్షారత 300 ఉన్న బోరు నీరు ఒక వంతుకు ఆర్ఓ నీరు మూడు వంతులు కలిపితే క్షారత 75కు దిగుతుంది. పీహెచ్ చేతికి లొంగుతుంది, గంతులు వేయదు, కాల్షియం కొంత ఉచితంగా వస్తుంది. ఈ విధంగా 'వద్దు' పాఠం మూడు వంతులకు, 'ముద్దు' పాఠం ఒక వంతుకు సార్థకమవుతాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు నల్లాలో వచ్చే ఇళ్లవారు క్షారత ఒకసారి పరీక్ష చేయించి, నీటిని ఒక రోజు మూత లేకుండా ఉంచి క్లోరిన్ పోగొట్టుకుంటే చాలు. ఆర్ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి, ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ నీటిలో కాల్షియం స్థానంలో సోడియం చేరి ఉంటుంది. ఈ రెండింటి విషయంలో పాఠభేదం లేదు, వద్దనే అర్థం.

ద్వితీయ సూత్రం: ఎ, బి విడిగా.

టీక: ఎ = కాల్షియం నైట్రేటు ఉన్న సీసా; బి = సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉన్న సీసా. చిక్కటి ద్రావణాలను నేరుగా కలిపితే కాల్షియం ఆ రెండింటితోనూ జతకట్టి తెల్లటి మడ్డిగా అడుగున కూర్చుంటుంది, మొక్కకు అందదు. ముందు తొట్టి నిండా నీరు, తర్వాత ఎ, బాగా కలిపాక బి, అన్నీ అయ్యాక పీహెచ్ అని క్రమం. ఎరువులే పీహెచ్‌ను కొంత దించుతాయి కనుక వాటికి ముందే పీహెచ్ సరిచేయడం వృథా శ్రమ.

తృతీయ సూత్రం: పీహెచ్ 5.5–6.5.

టీక: పీహెచ్ = నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢతను చెప్పే అంకె. 1909లో కోపెన్‌హాగెన్‌లో, బీరు తయారుచేసే కార్ల్స్‌బర్గ్ వారి ప్రయోగశాలలో సోరెన్ సోరెన్సెన్ దీనిని ప్రవేశపెట్టాడు. ఈ కొలతలో ఒక్క మెట్టు దిగితే ఆమ్లత్వం పదింతలవుతుంది కాబట్టి 7.5కూ 5.5కూ తేడా రెండు కాదు, వంద రెట్లు. 'ఐదున్నరా ఆరున్నరా, ఏదో ఒకటి చెప్పు' అని విసుక్కునే పాఠకుడికి సమాధానం: సూత్రకారుడు గీత గీయలేదు, గట్లు వేశాడు, ఆ గట్ల మధ్య అంకె అటూఇటూ తిరగడం దోషం కాదు, ఒక్కో పోషకం ఒక్కో చోట సులువుగా అందుతుంది కనుక కొంత గుణం కూడా. పై గట్టు దాటి ఏడు వైపు పోతే ఎరువులోని ఇనుము మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా తేలుతాయి. నీటిలో ఇనుము ఉండగానే మొక్కకు ఇనుము కరవని తెలియని గృహస్థుడు ఎరువు ఇంకా పోసి, ఈసీ పెంచి, వేళ్లు మాడ్చుకుంటాడు. కింది గట్టు దాటి బాగా దిగితే కాల్షియం, మెగ్నీషియం అందడం తగ్గి వేరుకే హాని.

అయితే ఈ అంకెలన్నీ మీటరు నిజం చెబితేనే. చౌక మీటరుతో వచ్చే 6.86, 4.01 పొడి పొట్లాలను డిస్టిల్డ్ నీటిలో కలిపి, మీటరు గాజు బుడ్డిని ఒకదాని తర్వాత ఒకటిగా ముంచి సరిచేసుకోవాలి. బుడ్డి ఎండిపోతే మీటరు పాడవుతుంది. డిస్టిల్డ్ నీటిలో నిలవ ఉంచినా చెడుతుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో మీటరు మూతను తడిపి ఉంచాలి. మొక్క మంచిదే, నీరు మంచిదే, మీటరే అబద్ధాలకోరు అయిన తొట్లు చాలా ఉన్నాయి.

చతుర్థ, పంచమ సూత్రాలు: ఎక్కితే యాసిడ్ కొంచెం. రేపు మళ్లీ చూడు.

టీక: ఎక్కితే = పీహెచ్ పై గట్టు దాటితే; యాసిడ్ = నీరు కలిపి పలచన చేసిన ఫాస్ఫారిక్ లేదా నైట్రిక్ ఆమ్లం; కొంచెం = ఈ పదం దగ్గర వ్యాఖ్యాతలందరూ తడబడ్డారు. చెంచా అని ఒకరు, మూత అని ఒకరు. నీటి క్షారత తెలియకుండా కొంచెం ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు కనుక, చుక్కలుగా పోసి, కలిపి, చూసి, మళ్లీ పోయడమే దాని అర్థం. పలచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయరాదని, చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలని అధ్యాహారం.

విశేషం: ఈ రెండు సూత్రాలు ఏకవాక్యం. రాత్రి ఆమ్లం పోసి 6.0 చూసుకొని తృప్తిగా నిద్రపోయిన గృహస్థుడు తెల్లవారి చూస్తే 7.3 ఉంటుంది, మీటరును, అమ్మినవాడిని, చివరికి మొక్కను నిందిస్తాడు. జరిగిందేమంటే, ఆమ్లం బైకార్బొనేట్‌ను విరిచి బొగ్గుపులుసు వాయువుగా మార్చింది, ఆ వాయువు నీటిలోనే ఉన్నంతసేపు పీహెచ్‌ను కిందికి లాగి ఉంచింది, రాత్రంతా నీటిలోకి గాలి ఊదే ఎయిర్ పంపు బుడగలతో అది తొట్టి విడిచి పోగానే, ఇంకా మిగిలిన బైకార్బొనేట్ తన అసలు అంకె చూపింది. కాబట్టి రాత్రి అంకె తాత్కాలికం. 'రేపు' అన్నదే ప్రమాణం. అంకెను కాదు, క్షారతను ఖర్చు చేయించాలి. అది ఖర్చు కావడానికి రెండు మూడు రోజులు పట్టినా తొందరపడరాదు.

పూర్వపక్షం: అలాగైతే బోరు నీటికే ఆమ్లం దండిగా పోస్తే పోదా? సమాధానం: 300 క్షారతను ఫాస్ఫారిక్ ఆమ్లంతో 50కి దించితే నీటిలో భాస్వరం లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాములు చేరుతుంది, హోగ్లండ్ ద్రావణంలో ఉండేది 31. నైట్రిక్ ఆమ్లం నత్రజనిగా చెల్లుతుంది గాని ఇంట్లో ఉంచదగిన వస్తువు కాదు. అందుకే చికిత్స సీసాలో కాదు, ప్రథమ సూత్రంలో ఉంది. నిమ్మకాయవాదులు సిట్రిక్ ఆమ్లమే సాత్వికమంటారు. నీటిలోని సూక్ష్మజీవులు దానిని తినేస్తాయి, పీహెచ్ మళ్లీ లేస్తుంది, వేళ్ల చుట్టూ జిగురు మిగులుతుంది. నిమ్మకాయ పులిహోరకు ఉంచడం మేలు.

బాగా పెరిగే మొక్క వల్ల కూడా అంకె మెల్లగా ఎక్కుతుంది, ఎందుకంటే నైట్రేటును పీల్చుకున్న వేరు బదులుగా క్షార గుణమున్న అయాన్లను వదులుతుంది. అది ఆరోగ్య లక్షణం. మధ్యాహ్నం మాత్రమే ఎక్కి రాత్రి దిగితే తొట్టిలో నాచు పట్టిందని, మూత సందుల్లోంచి వెలుగు పోతున్నదని అర్థం.

షష్ఠ సూత్రం: 15 రోజులకు నీళ్లు మార్చు.

టీక: మొక్క తనకు కావలసిన లవణాలను తీసుకొని అక్కరలేని సోడియం, క్లోరైడులను వదిలేస్తుంది; పైపైన నీరు కలుపుతూ పోతే ఈసీ అంకె బాగానే ఉంటుంది, లోపలి కూర్పు మాత్రం చెడిపోతుంది. మే నెల ఎండల విషయం సూత్రకారుడు చెప్పలేదు, బహుశా మూత చాలలేదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీలకు అది 7కు తగ్గుతుంది, అదే సమయంలో వేరుకు ఊపిరి ఎక్కువ కావాలి. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి జారిపోతే పితియం అనే తెగులు పట్టినట్టు. అప్పుడు పదిహేను రోజులు ఆగకుండా నీరు పారబోసి, తొట్టి కడిగి, దానిని నీడకు జరిపి చుట్టూ థర్మకోల్ కట్టాలి. తెగులు లేని తొట్టినుంచి తీసిన పాత నీటిని కుండీల్లోని మందారానికి, కరివేపాకుకు పోయవచ్చు. లవణాలు అక్కడా పేరుకుంటాయి కనుక మధ్యమధ్య ఒట్టి నీటిని కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి.