కమీషన్ లేని వైద్యం

మామిడి తోటకు పురుగు పట్టిందంటే మన దగ్గర వైద్యం మందుల షాపులో మొదలై షాపులోనే ముగుస్తుంది. నాలుగు ఆకులు, ఓ పూత రెమ్మ సంచిలో వేసుకుని వెళ్తే చాలు. షాపాయన ఆకు తిప్పి చూడకుండానే "తేనెమంచు పురుగన్నా, ఇది కొట్టు. దీంట్లో ఇదీ కలుపు. పనిలో పని, ఇదీ పడనీ" అంటూ మూడు డబ్బాలు బల్ల మీద పెడతాడు. డబ్బులు పంట అమ్మాక. ఇంతటి ఉదారుణ్ణి కాదని శాస్త్రవేత్త మాట ఎవడు వింటాడు? కొమ్మలు కత్తిరించి చెట్టు నడుమకు ఎండ పడనివ్వమంటాడు, రాలిన కాయలు ఏరమంటాడు, కోతలయ్యాక దున్నమంటాడు. అప్పు ఇవ్వడు సరికదా, పని చెప్తాడు!

గాలాడని గుబురు తోట తేనెమంచు పురుగుకు ఏసీ గది. ఆ గదిని అలాగే ఉంచి మనం లోపలికి మందు పంపుతాం. పూత విచ్చుకున్న రోజుల్లోనూ ఆగం. పుప్పొడి మోసే ఈగలూ తేనెటీగలూ ముందు చస్తాయి. పిందె నిలవదు. నిలవలేదని మళ్లీ షాపుకే వెళ్తాం. పిందె నిలిపే మందు కూడా ఆయన దగ్గరే ఉంది మరి.

పండు ఈగ కథ ఇంకా రసవత్తరం. ఆడ ఈగ పక్వానికొచ్చిన కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగు కండ తిని పెరుగుతుంది, కాయ రాలుతుంది, పురుగు మట్టిలో దూరి కోశస్థ దశ దాటి మళ్లీ ఈగై లేస్తుంది. దాని కాపురమంతా కాయలోనూ మట్టిలోనూ ఉంటే మనం కొట్టేది ఆకుల మీద. రాలినవి ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పూడిస్తే ఆ వంశం అక్కడే తెగుతుంది. మిథైల్ యూజినాల్ ఎర డబ్బాలు వేలాడదీస్తే మగ ఈగలు వాటంతటవే వచ్చి పడతాయి. ఎరలో ఓ చుక్క మందు ఉంటుంది, నిజమే. అది డబ్బాలోనే ఉంటుంది, మన పండు మీద కాదు. కాయకు కవరు తొడిగితే ఈగకు తొక్కే దొరకదు.

ఇవేవీ చెయ్యని రైతు బద్ధకస్తుడని తేల్చే పట్నం పెద్దలు కాస్త ఆగాలి. ఎన్నో తోటలు పూత మీదే గుత్తకు పోతాయి. గుత్తదారుకు ఈ ఏడాది కాయ కావాలి, వచ్చే ఏడాది ఈగ ఎవరిదైతే అతనికేం? కాయలు ఏరే కూలి ఎవరిస్తారు, దున్నకం ఎవరి ఖర్చు అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. పురుగుకు మాత్రం గుత్త గడువు లేదు.

2014 మేలో యూరప్, పండు ఈగ కనబడుతోందని మన మామిడిని గుమ్మంలోనే ఆపేసింది. మరుసటి జనవరిలో గానీ మెత్తబడలేదు. మనకేం లోటు, ఆ పండే పిండుకుని రసం తాగాం.

మందు లేకుండా పురుగును గెలిచిన కథా ఒకటుంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయికి కొత్త పిండినల్లి పట్టింది. మైనపు పూత కప్పుకుని కూర్చునే ఆ పురుగు మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి కంటికి ఆనీ ఆనని ఓ పరాన్నజీవి కందిరీగను తెప్పించి తోటల్లో వదిలారు. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్లు పెట్టి పని పూర్తి చేసింది. రైతుకు పెట్టిన షరతు ఒక్కటే, మందు కొట్టొద్దని. ఎంత క్రూరమైన షరతు! ఆ కందిరీగ పుణ్యమా అని ఒక్క డీలరూ కంపెనీ ఖర్చుతో బ్యాంకాక్ టూరుకు వెళ్లలేదు.

అయినా వ్యాపారం ఊరుకుంటుందా? ఇప్పుడు ప్రకృతికీ డబ్బా వచ్చింది. పచ్చటి ఆకు బొమ్మ, మీద 'బయో' అని ముద్ర. లోపలేముందో దేవుడికెరుక. కొట్టిన పూటే పురుగు టపటపా రాలితే అనుమానించాల్సింది పోయి, "భలే ఆర్గానిక్" అని మురిసిపోతాం. వేప అలా చంపదు, పురుగుకు తిండి సయించకుండా చేసి, ఎదుగుదల ఆపి, నిదానంగా పని చేస్తుంది. 5 కిలోల వేపగింజల పొడి, 100 లీటర్ల నీళ్లు, ఓ రాత్రి నానబెట్టడం. ఊరి వేపచెట్టు కింద గింజలు చీపురు పాలవుతుంటే మనం షాపులో బారు తీరతాం.

ప్రకృతిని అమ్మడం కొత్తేమీ కాదు. చైనాలో క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఓ గ్రంథంలో, నారింజ తోటల పురుగుల్ని తినడానికి ఎర్రచీమల్ని గూళ్లతో సహా సంచుల్లో పెట్టి సంతలో అమ్మేవారని ఉంది. చూశారా, వాళ్లు చీమకు కూడా రేటు కట్టారు! మన శాస్త్రవేత్తలు ఉచితంగా చెప్పి చెడగొట్టారు. కాబట్టి కంపెనీలకు నా విన్నపం: వంగి కాయ ఏరడాన్ని ద్రవరూపంలో తయారుచేసి, రంగు మూత బిగించి, అరువు మీద షాపులకు పంపండి. మా వాళ్లు లేబులు మీద రాసినదానికి రెట్టింపు డోసు వేసుకుంటారు.