ఒంటిస్తంభం మేడలో అద్దె లేని కాపురం

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ‘బస్ ఫ్యాక్టర్’ అని ఒక లెక్క ఉంది. ఎంతమంది బస్సు కింద పడితే ప్రాజెక్టు ఆగిపోతుందో, ఆ సంఖ్య. లోకమంతా ఉచితంగా వాడుకునే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చాలావాటికి అది అక్షరాలా ఒకటి. ఆ ఒక్కడూ పోతే మన గతేమిటని కంపెనీలు కమిటీలు వేసి మరీ దిగులు పడతాయి. బతికుండగా ఆయనకు బస్సు టికెట్టుకైనా డబ్బులిద్దామని మాత్రం తోచదు.

వెబ్‌సైట్లకు తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని 2014లో, అందులోని హార్ట్‌బ్లీడ్ అనే లోపం కొంప ముంచాక గానీ ఎవరూ పట్టించుకోలేదు. మన ఊళ్లో ఓ మోస్తరు పెళ్లికి చదివింపులే అంతకన్నా ఎక్కువ. అక్కడ చదివించినవాడు భోంచేసి పోతాడు. ఇక్కడ భోంచేసినవాడు చదివించడు.

ఇంటర్నెట్‌లో డేటాను అటూఇటూ మోసే కర్ల్‌ను పోషిస్తున్న డేనియల్ స్టెన్‌బర్గ్‌కు 2022 జనవరిలో ఫార్చ్యూన్ 500 కంపెనీ ఒకటి తాఖీదు పంపింది: లాగ్‌ఫర్‌జె అనే వేరే సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ లోపం మీద మా ప్రశ్నలకు 24 గంటల్లో జవాబివ్వాలి! కర్ల్‌లో ఆ సరుకే లేదు. సపోర్ట్ కాంట్రాక్టు కుదుర్చుకుంటే సంతోషంగా చెబుతానన్నాడాయన. అంటే మేము మీ కస్టమర్లం కాదా అని ఎదురడిగారు, ఆయన్ను ‘డేవిడ్’ అని పిలిచి. కొత్తల్లుడికి కూడా ఇంత దర్జా ఉండదు. అతనికి కనీసం మామగారి పేరు తెలుసు.

ఎక్స్‌జెడ్ కథ మరీ రుచి. ఫైళ్లను కుదించే ఈ చిన్న సరుకు దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. చూసుకునేది ఫిన్లండ్‌లో లాసె కాలిన్ ఒక్కడే. 2022లో ఊరూపేరూ లేని ఖాతాలు ఆయన మీద పడ్డాయి: ఏమిటీ ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు. ఇది జీతం లేని పని నాయనా అని ఆయన మొత్తుకున్నాడు. ‘జియా టాన్’ పేరుతో ఒకరు అప్పటికే సాయానికి చేరి ఉన్నారు. రెండేళ్లకు పైగా అణకువగా చాకిరీ చేసి, తాళంచెవులు చేతికందాక, 2024 ఫిబ్రవరిలో 5.6.0 వెర్షన్‌లో దొడ్డిదారి పెట్టారు. ఇన్ని లక్షల కోట్ల కంపెనీలుండగా, ఆ ఒంటి మనిషికి ఇంతకాలం విడవకుండా చేయి అందించినవాడు దొంగ ఒక్కడే!

పట్టుకున్నది కూడా ఏ భద్రతా విభాగమో కాదు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు చిరాకేసింది. తవ్వి చూసి, మార్చి 29న బయటపెట్టాడు. లోకం గుండెలు బాదుకుంది. మే నెలాఖరుకు దొడ్డిదారి పూడ్చిన 5.6.2 వచ్చింది. విడుదల చేసింది మళ్లీ లాసె కాలినే.