నలభై కొట్టు భాయ్: ఓ కారు టైరు ఆత్మకథ

ఎప్పుడు పుట్టావని అడిగితే ఆ టైరు తన గోడ మీది నాలుగంకెలు చూపిస్తుంది: 1419. అంటే 2019లో పద్నాలుగో వారం. రబ్బరు, ఉక్కు తీగలు, నల్లటి మసి, వేడి అచ్చు. పుట్టుక గురించి అంతకుమించి చెప్పే ఓపిక దానికి లేదు. వంశం సంగతికొస్తే మాత్రం గొంతు పెరుగుతుంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుల్లేకుండా సాగాలని, చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టం తొడిగాడు. "మేం పుట్టిందే మెత్తగా ఉండటానికి" అంటుంది ఉక్రోషంగా.

ఆ ఉక్రోషం హైదరాబాద్ షాలిబండలోని ఓ పంచర్ దుకాణం దగ్గర మొదలైంది. "హవా కిత్తా డాల్నా సాబ్?" అని కుర్రాడు అడుగుతాడు. కారు యజమాని అద్దం సగం దించి, "నలభై కొట్టు భాయ్, మైలేజీ మంచిగొస్తది" అంటాడు.

ఈ నలభై ఎక్కడిది? టైరు గోడ మీద చిన్నక్షరాల్లో గరిష్ఠ గాలి ఒత్తిడి 44 పీఎస్‌ఐ అని ఉంది. యజమాని ఓ రాత్రి సెల్‌ఫోన్ లైటు వేసుకుని అది చదివాడు. కంపెనీయే 44 అంటుంటే తను నాలుగు తగ్గించి కొట్టిస్తున్నానని, తనంత జాగ్రత్తపరుడు లేడని మురిసిపోయాడు. నిజానికి 44 టైరు ఓర్చుకోగల హద్దు. కారు బరువు, సస్పెన్షన్ చూసి కారు కంపెనీ కట్టిన లెక్క వేరే ఉంది. అది డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరులో కనిపిస్తుంది: 30. "నా దగ్గరికొచ్చి వంగి చదివినవాడు, రోజూ తెరిచే తలుపు దగ్గర ఒక్కసారి చదవలేకపోయాడు" అని టైరు ఇప్పటికీ సణుగుతుంది.

వెయ్యి కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 250 కిలోల బరువు పడుతుంది. 30 పీఎస్‌ఐ దగ్గర టైరు నేలను తాకే చోటు దాదాపు ఒక పోస్టుకార్డంత. నలభైకి పెంచితే, గోడల బిగువును లెక్కలోకి తీసుకోకపోతే, అందులో నాలుగో వంతు పోతుంది. అంచులు పైకి లేచి, భారమంతా నడుమ పడుతుంది. పైగా ఆ నలభై చల్లటి నలభై. ఎండలో ఔటర్ రింగు రోడ్డు దాకా పోయొస్తే లోపలి గాలి వేడెక్కి ఇంకో మూడు నాలుగు పెరుగుతుంది. అందుకే గాలి కొలవాల్సింది కారు కనీసం మూడు గంటలు ఆగాక.

మైలేజీ పెరగదా అంటే, కొంచెం పెరుగుతుంది. టైరు అబద్ధమాడదు. గాలి తగ్గిన ప్రతి పీఎస్‌ఐకి మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. అదే లెక్క పైకీ పనిచేస్తుందనుకున్నా, పది పీఎస్‌ఐకి రెండు శాతం. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారుకు 360 మీటర్లు.

ఆ 360 మీటర్ల కోసం వెనక సీట్లో యజమాని తల్లి నడుము పట్టుకుని కూర్చునేది. "ఇరిగిపోతుంది బిడ్డా, జర మెల్లగ పోనియ్." మ్యాన్‌హోల్ మూతల అంచులు, తవ్వి పూడ్చిన గుంతలు, అన్నీ నేరుగా సీటుకు ఎక్కేవి. యజమాని షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. కుదుపు పోలేదు. గాలి అనుమానం ఎవరికీ రాలేదు. బిగుసుకున్న గోడ గుంత అంచుకు తగిలి లోపలి దారాలు తెగాయి, ఓ పక్క ఉబ్బు లేచింది.

ఎండాకాలంలో ఇంకో పిచ్చి. టైరు పేలుతుందేమోనని ఎవరో భయపెడితే, గాలి ఇరవైకి దింపించాడు. గాలి తక్కువైతేనే గోడలు ఎక్కువగా మడతపడి, వేడెక్కి, తెగిపోయే ప్రమాదం. "పొట్ట పగిలేలా పెట్టినవాడే పస్తు కూడా పెట్టాడు" అంటుంది టైరు.

దానికీ ఒక మంచి రోజుంది. 2020 అక్టోబరు వానలకు చాంద్రాయణగుట్ట వైపు కాలనీలు మునిగినప్పుడు, నడుమనున్న గాళ్లు నీటిని పక్కలకు నెడుతుంటే, కుటుంబాన్ని మెట్ట మీదికి చేర్చింది. ఆ రోజు సంగతి ఎన్నిసార్లయినా చెబుతుంది. ఆ గాళ్లే ముందు అరిగిపోయాయి. నడుమ లోతు 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా వచ్చేసరికి భుజాల మీద రబ్బరు ఇంకా కొత్తగానే ఉంది. "ఈ కంపెనీ టైరు వేస్టు" అని తీర్పు చెప్పి యజమాని పీకించేశాడు.

తర్వాత ఓ రేకుల షెడ్డు మీద బరువుగా పెట్టారు. వానలకు కడుపునిండా నీళ్లు. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ అందులో గుడ్లు పెట్టింది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. మునిసిపాలిటీ సిబ్బంది వచ్చి, పారబోసి, తిట్టిపోయారు. గాలి ఎక్కించినందుకు ఎవరినీ ఏమీ అననివాళ్లు నీళ్లు నిలిచినందుకు టైరును దోషిని చేశారు. వాడేసిన టైర్ల బాధ్యత తయారీదారులదేనని కేంద్రం 2022 జులైలో నిబంధనలు తెచ్చింది. ఆ కబురు షెడ్డు పైకి చేరలేదు.

మొన్న తుక్కు కొనే మనిషి నిచ్చెనేసుకుని ఎక్కాడు. తూకం కిలోల్లోనేనట. భుజాల మీద మిగిలిన రబ్బరుకు వేరే రేటు ఇవ్వనని ముందే చెప్పేశాడు.