ఐదవ అభావము

తర్కశాస్త్ర పండితులు అభావమును నాలుగు విధములుగా విభజించి, లేకపోవుటలో సైతము ఇన్ని తారతమ్యములు కలవని లోకమునకు బోధించి, అంతటితో తమ పని ముగిసినదని విశ్రమించిరి. పుట్టుకకు పూర్వము లేకుండుట ప్రాగభావము. నశించిన పిమ్మట లేకుండుట ప్రధ్వంసాభావము. త్రికాలములందును లేకుండుట అత్యంతాభావము. ఒకటి మరియొకటి కాకుండుట అన్యోన్యాభావము. ఆ మహానుభావులలో ఒక్కరైనను బాలానగరులోనో జీడిమెట్లలోనో ఒక యంత్రభాగముల కర్మాగారమునకు పోయి, స్టోర్స్ గదిలో నెలరోజులు కూర్చుండియుండినచో, తమ వర్గీకరణము అసమగ్రమని గ్రహించి గ్రంథమును తిరుగవ్రాసియుండెడివారు. ఏలయన అచ్చట కంప్యూటరు తెరమీద 6205 బేరింగులు మైనస్ 40 అని ఎఱ్ఱని అంకెలు వెలుగుచుండును. లేని వస్తువు లేదనుట సామాన్యము. లేకపోవుటకంటెను నలుబది తక్కువగా లేకపోవుట ఈఆర్‌పీ అను నవీన శాస్త్రమునకు మాత్రమే లభించిన సిద్ధి.

ఈఆర్‌పీ యనగా నేమో ఎరుగని పాఠకులకు క్లుప్తముగా చెప్పవలసినచో, అది ఒక సంస్థలోని కొనుగోలును, నిల్వను, ఉత్పత్తిని, అమ్మకమును, ఖాతాలను ఒకే చోట ముడివేసి, గేటులో లారీ ప్రవేశించినది మొదలు బ్యాంకులో సొమ్ము జమయగు వరకు జరుగు ప్రతి వ్యవహారమును తెరమీద కనబరచు ఏర్పాటు. ఏర్పాటు గొప్పదే, దానితో నాకు వైరము లేదు. నా వైరమంతయు దానిని కొన్నవారి విశ్వాసముతో. లక్షలు వెచ్చించి, కన్సల్టెంట్లకు హోటలులో విందుచేసి, గో-లైవ్ అను ముహూర్తమున సర్వరు ఎదుట కొబ్బరికాయ పగులగొట్టిన మరుక్షణమునుండి యజమానికి ఒక అద్వైతజ్ఞానము ఉదయించును: తెరమీది స్టాకే సత్యము, గోడౌనులోని స్టాకు మిథ్య. అటుపై స్టోర్‌కీపరు వచ్చి ర్యాకులో సరుకు లేదని విన్నవించుకొన్నప్పుడెల్ల, "సిస్టంలో చూపిస్తోంది కదయ్యా, సరిగ్గా వెతుకు" అను మహావాక్యము వెలువడుచుండును.

ఆ వెదకులాటలో స్టోర్‌కీపరునకు పాత అభావములు నాలుగును సాక్షాత్కరించును. సరుకు గేటుదాటి వచ్చి, క్వాలిటీవారి పరీక్షకై మూడు దినములనుండి మూలనున్నది గాని, జీఆర్‌ఎన్ అను సరుకు రాబడి పత్రము వేయబడలేదు, ఇనుము కంటికి కనబడుచున్నను సిస్టములో దానికింకను జననము లేదు, ఇది ప్రాగభావము. లేతుమీద చెడిపోయిన షాఫ్టులు స్క్రాపు కుప్పలో చేరి, తూకమునకు అమ్ముడుపోయి, ఆ పైకము ఖర్చయి కూడ నెల గడచినది, ఐనను రిజెక్షన్ ఎంట్రీ వేసినచో షిఫ్టు ఇన్‌ఛార్జి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును గనుక, తెరమీద అవి యింకను తళతళలాడుచునే యుండును, ఇది ప్రధ్వంసాభావము. చలానులో 500 అని యున్నది గావున పెట్టె విప్పకయే 500 అని రాసుకొన్నారు, పెట్టెలో నున్నవి 480. ఆ ఇరువది బోల్టులును ఈ గోడౌనున నిన్న లేవు, నేడు లేవు, రేపుండవు. ఇక అన్యోన్యాభావము మాట చెప్పనక్కరలేదు. ఒకే బోల్టు ఒక గుమాస్తా చేతిలో "ఎం10 బోల్టు" గాను, అతడు మానిపోగా వచ్చినవాని చేతిలో "బోల్టు హెక్స్ 10 ఎంఎం" గాను, ఆడిటుకు ముందు వచ్చిన మూడవవాని చేతిలో మరియొక కోడుగాను జన్మలెత్తి, ఒకటి మరియొకటి కాదని కంప్యూటరును నమ్మించుచు, నిజమునకు మూడును ఒకే డబ్బాలో కలసిమెలసి పడియుండును. ఒక కోడు నిండుకొన్నదని కొత్త ఆర్డరు పోవును. రెండవ కోడు కదలని సరుకని మీటింగులో తిట్లు తినును.

ఐదవది మన ఋణాభావము. సరుకు కదలిక ఒకప్పుడు, దాని నమోదు మరియొకప్పుడు జరుగుటయే దీనికి మూలము. రాత్రి షిఫ్టును చూడుడు. స్టోర్స్ మూసి తాళముచెవి సూపర్‌వైజరుకు ఒప్పగించిన తరువాత, మిషను ఆగినదని ఒకడు పరుగెత్తుకొని వచ్చి, "అన్నా, రెండు బేరింగులియ్యి, పొద్దున స్లిప్పు రాస్త" ననును. పొద్దున అతనికి వారపు సెలవు. తెరమీద ఆ రెండును ర్యాకులోనే యుండును. ఒక్కొక్కప్పుడు దీనికి విపర్యయముగా, ఇష్యూ ముందు నమోదై రాబడి వారము తరువాత నమోదగును, అప్పుడు అంకె సున్నకు దిగువకు జారును. ఆ వారము దినములును సంస్థ తనయొద్ద లేనిదానిని సుఖముగా వాడుకొనుచుండును. నెగటివ్ స్టాకును నిషేధించు మీట ఇంచుమించు ప్రతి సాఫ్ట్‌వేరులోను కలదు. దానిని బిగించినచో బిల్లు కదలదు, బిల్లు కదలనిచో లారీ కదలదు, లారీ కదలనిచో నెలాఖరు టార్గెటు కదలదు. కనుక గో-లైవ్ జరిగిన కొలదిదినములకే ఆ మీటను వదులు చేయుట ఆచారమైనది. గడియారము గంట కొట్టి నిద్ర చెడగొట్టుచున్నదని దాని నాలుకను ఊడబెరికి, ఇంటిలో గడియారము కలదని చెప్పుకొనుట వంటిది ఈ పద్ధతి.

బ్యాక్‌ఫ్లష్ అను ప్రక్రియను గూర్చి మాత్రము కొంత తీరికగా చెప్పుకొనవలెను. ఏలయన ఈ శాస్త్రమున దీనికి మించిన ఇంద్రజాలము లేదు. ముడిసరుకు వాడినప్పుడెల్ల స్లిప్పు వ్రాయుట శ్రమ గనుక, ఇన్ని భాగములు తయారైనవని ఒక్క అంకెను కొట్టినచో, బిల్ ఆఫ్ మెటీరియల్స్ ప్రకారము ఎంత ఇనుము ఖర్చు కావలెనో అంతయు ఖర్చయినట్లు కంప్యూటరే తగ్గించుకొనును. 25 ఎంఎం వ్యాసము గల ఆరు మీటర్ల కడ్డీని తీసికొందము. మొదటి చిక్కు దాని కొలతలోనే కలదు: దానిని కిలోలలో కొందురు, మీటర్లలో ఇష్యూ చేయుదురు, నంబర్లలో కోయుదురు. షాపుఫ్లోరులో పనిచేయు ప్రతివానికిని కంఠస్థమైన సూత్రము ప్రకారము, వ్యాసమును వర్గముచేసి 162 చేత భాగించినచో మీటరు బరువు వచ్చును. అనగా ఈ కడ్డీ మీటరు 3.86 కిలోలు, మొత్తము 23 కిలోలకు పైచిలుకు. కాని కడ్డీకి సూత్రము తెలియదు. రోలింగ్ మిల్లు వదలిన స్వల్పమైన హెచ్చుతగ్గులతో అది గేటు కాటామీద తన యిష్టము వచ్చిన బరువు తూగును, ఆ తేడా స్టాకులో పేరుకొనును. ఇది చిన్న సంగతి, పోనిండు.

పెద్ద సంగతి రంపములో నున్నది. ఈ కడ్డీనుండి నూరు మిల్లీమీటర్ల ముక్కలు కోయవలెను. కన్సల్టెంటు ఏసీ గదిలో కూర్చుండి 6000ను 100 చేత భాగించి, ముక్కకు నూరు మిల్లీమీటర్లని బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో వ్రాసెను. అతడు లెక్కలలో నిపుణుడు. రంపమునకు మందము కలదని మాత్రము అతనికెవరును చెప్పలేదు. కోత కోతకు ఒకటిన్నర మిల్లీమీటరు బ్యాండ్‌సా పొట్టుగా రాలుచుండగా, అరువది ముక్కలు కావలసిన కడ్డీనుండి వచ్చునవి 59 మాత్రమే. మిగిలిన తుంట స్క్రాపు. కంప్యూటరు 59 ముక్కలకు 5900 మిల్లీమీటర్లు తగ్గించుకొని, ఇంకను నూరు మిల్లీమీటర్ల ఇనుము స్టోర్స్‌లో నున్నదని గుర్తుంచుకొనును. ఈ విధముగా అరువది కడ్డీలు కోయబడునప్పటికి, ఈ భూమండలమున ఎచ్చటను లేని ఒక సంపూర్ణమైన ఆరు మీటర్ల కడ్డీ తెరమీద ఆవిర్భవించును. ఏడాదికి ఇట్టివి ఎన్ని పుట్టునో ఊహించుకొనుడు. యజమాని దిగ్భ్రాంతుడై దొంగతనమని నిశ్చయించి, వాచ్‌మనును మార్చి, గేటువద్ద రెండు సీసీ కెమెరాలు పెట్టించును. దొంగిలించినది రంపపు బ్లేడు. అది ఏ కెమెరాకును చిక్కదు, పైగా ప్రతిదినము స్వీపరు దాని దోపిడీసొత్తును చీపురుతో ఊడ్చి సంచిలో పోయుచునే యుండును.

ఈఆర్‌పీకి మూలమైన ప్రణాళికాపద్ధతికి ఆద్యులైనవారు ఇంత అమాయకులు కారు. జోసెఫ్ ఆర్లికీ 1975లో ముడిసరుకు అవసరముల ప్రణాళికను గూర్చి గ్రంథము వ్రాసినప్పుడే, నిల్వలెక్కలు నమ్మదగినవిగా ఉండుట ఈ పద్ధతికి ముందుషరతని స్పష్టపరచెను. ఆలివర్ వైట్ అనుయాయులు నిల్వలెక్కలలో నూటికి 95 వంతులైనను సరిగా నుండవలెనని హద్దు గీసిరి. మనవారు ఆ 95ను చేరుకొనుటయే మోక్షమని భావించి, చేరుకోకయే చేరుకొన్నట్లు భావించుచున్నారు. చేరుకొన్నను ఏమగును? ఇరువది భాగములతో కూడిన ఒక పంపును బిగించవలెననుకొందము. ఒక్కొక్క భాగపు లెక్క నూటికి 95 పాళ్లు నిజమైనచో, ఇరువదింటి లెక్కలును ఏకకాలమున నిజమై పంపు ఆటంకము లేక సిద్ధమగుటకు గల అవకాశము నూటికి 36 మాత్రమే. మిగిలిన పర్యాయములలో పందొమ్మిది భాగములు బల్లమీద బారుతీరి, ఇరువదవదానికై ఎదురుచూచుచుండును.

దీనికిని విరుగుడు కనిపెట్టబడినది: ఖచ్చితత్వమును అంకెలలోగాక రూపాయలలో కొలుచుట. ఒక రకపు సీలు లక్ష రూపాయల మేరకు హెచ్చుగను, మరియొక రకపు సీలు లక్ష రూపాయల మేరకు తక్కువగను ఉన్నచో, నికరపు తేడా సున్న. ఖచ్చితత్వము నూటికి నూరు. ఈ న్యాయము ప్రకారము రెండు కుడికాలి చెప్పులు కలవాడు ఒక జత చెప్పులకు యజమానియే.

ఇది బీద దేశపు చిన్న కర్మాగారముల రోగమని భ్రమించువారు అమెరికాలోని హెర్షీ చాక్లెట్ల కథను వినవలెను. 1999వ సంవత్సరము జులైలో, పిల్లలు మిఠాయిలకై ఇంటింటికి తిరుగు హాలోవీన్ పండుగకు ఆర్డర్లు వచ్చిపడు వేళ, ఆ సంస్థ శాప్, మానుగిస్టిక్స్, సీబెల్ అను మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను ఒక్కుమ్మడిగా ప్రారంభించెను. మిఠాయిలు తయారై గిడ్డంగులలో నున్నవి, అంగళ్లవారు అడుగుచున్నారు, ఐనను సుమారు పది కోట్ల డాలర్ల సరుకు సకాలమున అందలేదు. ఆ మూడు నెలల లాభము 19 శాతము పడిపోయెను. సీజను రద్దీలో సరుకును ఇంతకుముందు అలవాటుగా సర్దుకొనుచుండిన తాత్కాలిక తావులు కొన్ని కొత్త సిస్టమునకు తెలుపబడనే లేదని అప్పటి వార్తలు. పాత గుమాస్తా జ్ఞాపకములో నున్న గదికి కొత్త కంప్యూటరులో కోడు లేనిచో, అందలి చాక్లెట్టు బ్రహ్మపదార్థమే. ఉన్నదనుటకును వీలులేదు, అమ్ముటకును వీలులేదు.

మన వైపున ఈ వేదాంతమునకు వార్షికోత్సవము మార్చి 31. ఆ రాత్రి ఫిజికల్ స్టాక్ టేకింగ్ జరుగును. అకౌంట్స్ కుఱ్ఱవాడు, హెచ్‌ఆర్ వారు, బేరింగునకును బుష్షునకును భేదమెరుగని తదితరులు, ఒక్కొక్కరు ఒక్కొక్క ర్యాకు ఎదుట నిలిచి లెక్కింతురు. వారి చేతనున్న కాగితముపై సిస్టములోని అంకె ముందే ముద్రింపబడి యుండును. పై అరలో నున్న పెట్టెలను దింపి 412 వాషర్లను ఒక్కటొక్కటిగా లెక్కించుట ఉత్తమమో, కాగితముపైని 412 ప్రక్కన 412 అని వ్రాసి ఇంటికి పోవుట ఉత్తమమో రాత్రి పదకొండు గంటలకు నిర్ణయించుకొనవలసిన వానియెడల నాకు సానుభూతియే కలదు. ఆ అంకెను దాచి లెక్కింపజేయుట సులభము. కాని అట్లుచేసినచో తేడాలు బయటపడును, బయటపడినవానికి కారణములు వెదకవలెను.

కారణములు వెదకుటకంటె సులభమైన కార్యము స్టాక్ అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజోద్యోగులు ధనమును అపహరించు మార్గములు నలుబది యని లెక్కించెను. ఈ ఎంట్రీ అందులో లేదు, ఉండుటకును వీలులేదు. ఏలయన ఇది అపహరణము కాదు, జరిగినది అపహరణమో, రంపపు పొట్టో, తప్పు కోడో ఎన్నటికిని తెలియకుండ చేయు సార్వజనీన ప్రాయశ్చిత్తము. ఒక్క మీట నొక్కినంతనే సంవత్సరపు పాపమంతయు కడుగుకొనిపోయి, తెరయు గోడౌనును ఆ ఒక్క రాత్రికి ఏకమగును. మరునాటి ఉదయము మొదటి షిఫ్టులో "పొద్దున స్లిప్పు రాస్త" మరల ప్రారంభమగును.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదనరాదు. కంపెనీల ఆడిటర్లకు 2020లో విధించిన ఉత్తరువు ప్రకారము, ఏదైన ఒక తరగతి నిల్వలో మొత్తముమీద పది శాతము గాని అంతకు మించి గాని తేడా కనబడెనా, కనబడినచో లెక్కలలో దానిని సరిగా పరిష్కరించిరా యని ఆడిటరు నివేదింపవలెను. ఆ నాటినుండి తేడాలకు సభ్యత అబ్బి, అవి తొమ్మిది చిల్లర శాతమువద్దనే వినయముతో ఆగిపోవుట నేర్చుకొన్నవని కొందరు పెద్దలు చమత్కరింతురు. ఐదు కోట్లకు మించిన వర్కింగ్ క్యాపిటల్ పరిమితి మంజూరైనవారు బ్యాంకునకిచ్చు మూడుమాసముల స్టేట్‌మెంట్లు తమ పుస్తకములతో సరిపోలుచున్నవో లేదో ఆడిటరు తెలుపవలెనని కూడ అందే కలదు. ఇది క్రూరమైన నిబంధన. బ్యాంకునకు చూపు స్టాకు డ్రాయింగ్ పవరు అను అప్పు పరిమితి కొరకు పెరుగవలసియుండగా, పన్ను లెక్కలోని స్టాకు తరుగవలసియుండగా, రెండును ఒకటిగా నుండుమనుట వస్తువు స్వేచ్ఛకు భంగము కాదా? 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల అకౌంటింగు సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పునకును ఎడిట్ లాగ్ తప్పనిసరియై, అడ్జస్ట్‌మెంటును ఎవరు ఎప్పుడు చేసిరో తేదీతోసహా నిలిచిపోవుచున్నది. పూర్వము తప్పు మాత్రమే యుండెడిది. ఇప్పుడు దానికి జాతకచక్రము కూడ సిద్ధము.

దినమునకు పది ఐటములను ఎన్నుకొని లెక్కించి, తేడా వచ్చిన ప్రతిదానికిని ఏ చేతిలో తప్పినదో ఆ సాయంత్రమే కనుగొని, బిల్ ఆఫ్ మెటీరియల్స్‌లో రంపపు మందమును చేర్చి, రాత్రి షిఫ్టులోను స్టోర్స్‌కు ఒక మనిషిని ఉంచుట అను పాత పద్ధతి యొకటి కలదు. ఇందలి దినసరి లెక్కింపును సైకిల్ కౌంటింగ్ అని పాఠ్యగ్రంథములలో చదివి పరీక్ష వ్రాసినవారే ఆఫీసునిండ నున్నారు. కాని దీనికి లైసెన్సు ఫీజు లేదు, డెమో లేదు, హోటలు విందు లేదు. కనుక దీనిని అమ్మజూపువారును లేరు, కొనువారును లేరు.

అమ్మజూపబడునది మరియొక సాఫ్ట్‌వేరు. నేనెరిగిన ఒక కర్మాగారమున పాత ఈఆర్‌పీ స్టాకును సరిగా చూపుట లేదను నెపముతో, క్లౌడులో నడుచు కొత్తదానిని కొనుటకు నిశ్చయమైనది. ఏప్రిల్ 1 గో-లైవ్. డేటా మైగ్రేషను ప్రణాళికలో, పాత సిస్టములోని క్లోజింగ్ స్టాకే కొత్తదానికి ఓపెనింగ్ స్టాకని యున్నది. లేని కడ్డీలు, అమ్ముడుపోయిన షాఫ్టులు, మూడు జన్మల బోల్టు, మైనస్ బేరింగులు సమస్తమును ఎక్సెల్ షీటులో కెక్కినవి. ముందుగా యంత్రములను మూడు దినములాపి, ఉన్నదెంతో ఒక్కసారి లెక్కపెట్టి, ఆ అంకెతో ప్రారంభించిన బాగుండునని స్టోర్‌కీపరు సంకోచించుచునే అడిగెను. డెస్పాచులు తరుముచున్నవి, మూడు దినములు ఎవరివల్లనౌనని మీటింగులో నవ్విరి. ఆ పిమ్మట కొత్త సాఫ్ట్‌వేరులో నెగటివ్ స్టాకును అనుమతించు మీట ఎచ్చటనున్నదో చూపుమని కన్సల్టెంటును అడిగిరి.