వేలు పడాలి

ముసలివాళ్లకు గౌరవం లేదని ఎవరన్నారు? మా శ్రీకాకుళం, విజయనగరాల్లో ఒకటో తారీఖు పొద్దున్నే అది వచ్చి తలుపు తడుతుంది. మెళ్లో ఐడీ కార్డు, చేతిలో వేలిముద్రల మిషను, వెనకాల ఊరి నాయకుడు, ఆయన వెనకాల ఫోను కెమెరా.

పలాస దగ్గర ఒక పల్లె. నులకమంచం మీద కూర్చున్న మామ్మ ముప్పయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టింది. తొక్కలోని నూనె తగిలితే చర్మం ఊడొస్తుంది. కొత్త చర్మం వస్తుంది గాని, ఏళ్ల తరబడి ఊడీ ఊడీ పాత గీతలు అరిగిపోతాయి. మనం పాయసంలో ఏరుకు తినే పప్పు విరగకుండా ఉండడానికి ఆవిడ వేలు అరిగింది. ఊరి సచివాలయం కుర్రాడు ఆ బొటనవేలు పట్టుకుని, తన ప్యాంటుకు తుడిచి, అద్దం మీద ఒత్తాడు. పడలేదు. ఉఫ్ మని ఊది ఒత్తాడు. పడలేదు. రబ్బరు స్టాంపును కూడా ఇంకాస్త మర్యాదగా పట్టుకుంటారు. మొహంకేసి చూడనే లేదు. వేలు పడకపోతే కన్ను, కంట్లో శుక్లముంటే అప్పుడు మొహం. వరసలో మొహం ఆఖర్న.

"నానైతే బతికే ఉన్నాను బాబూ. నీ మిసనే సచ్చిపోయినట్టుంది."

ఎలాగో పడింది. నాయకుడు పింఛను నోట్లు విసనకర్రలా విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టాడే గాని, వదల్లేదు. ఫోటో సరిగా రాలేదట. "నవ్వు మామ్మా!"

డబ్బును వెక్కిరించడం లేదు. 2024 జులైలో నెలకు 3,000 కాస్తా 4,000 అయింది. ఆ మాత్రం లేకపోతే బీపీ మాత్రలుండవు. అందులో ఢిల్లీ వాటా, ఎనభై దాటని వాళ్లకు, 200. 2007లో ఎంతో ఇప్పుడూ అంతే. ముసలివాళ్లకు లేని ఆరోగ్యం ఆ అంకెకుంది. 2024లోనే, ఇంటికి పింఛను తెచ్చే వాలంటీర్లను ఎన్నికల సంఘం ఆపేసరికి ఏప్రిల్‌లో సచివాలయాలకీ, మేలో బ్యాంకులకీ ఎండలో కాళ్లీడ్చుకెళ్లింది వీళ్లే. తప్పు మీదంటే మీదని పార్టీలు నీడలో కూర్చుని తిట్టుకున్నాయి.

చట్టం లేకేం! 2007 నుంచీ ఉంది. కన్నవాళ్లను గాలికొదిలేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. జైలు తప్పించుకోగలిగితే, అమ్మను వదిలించుకునే ఖరీదు అమ్మ నెల పింఛను మీద వెయ్యి ఎక్కువ. మామ్మ కొడుకు అంతవాడేం కాదు. హైదరాబాదులో కాంక్రీటు పనిలో ఉన్నాడు; వీడియోకాల్లో తల్లిని చూస్తాడు. వీడియోకాల్లో వీపు రుద్దలేడు గదా.

పక్షవాతంతో పూర్తిగా మంచం పడితే 15,000 ఇస్తారు. మామ్మకు రాదు. మనిషి పట్టుకుంటే గాని లేవలేదు, అయినా కాగితం మీద గట్టి మనిషే. ఆ పట్టుకునే మనిషికి ఏ పట్టికలోనూ గడి లేదు.

జనం వెళ్లిపోయారు. "ఒలే, దొడ్లోకి ఎల్లాల" అంది మామ్మ. ఇంతసేపూ మగాళ్లముందు బిగబట్టుకు కూర్చుందట. కోడలు చంకల కింద చేతులేసి లేపింది. దించి, చీర సర్ది, అటు తిరిగి నిలబడింది. ఎనిమిదింటికి తనూ జీడి బట్టీకి పోవాలి. గోడకానించిన ఆమె చెయ్యి చూశాను. బొటనవేలి మీద ఇంకా నాలుగైదు గీతలున్నాయి.