చేత్తో వేపిన టీ

చింగ్‌మింగ్ పండుగకు ఇంకా వారం ఉంది. పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే ఆ పండుగ ఏటా ఏప్రిల్ 4న గానీ 5న గానీ వస్తుంది. దానికి ముందు కోసిన చిగురుకే హాంగ్‌జౌ దగ్గరి లాంగ్‌జింగ్ కొండల్లో గిరాకీ.

షాంఘై నుంచి వచ్చిన వ్యాపారి గడప దాటకముందే చెప్పేశాడు. "మెషీన్‌లో వేపింది నాకొద్దు షీఫూ. చేత్తో వేపిందే కావాలి."

షీఫూ, అంటే టీ వేపే ఆ ముసలి గురువు, తలూపి బాణలి ముందు కూర్చున్నాడు. ఒక మొగ్గ, దాని పక్కనే ఒక లేతాకు ఉన్న చిగుళ్లను గుప్పెడు తీసి కాగిన ఇనుములో వేశాడు. గరిటె లేదు, తొడుగు లేదు. ఒట్టి అరచేయి. ఆకు చిటపటలాడింది. ఆ వేడి తగిలితేనే ఆకు నల్లబడకుండా పచ్చగా నిలుస్తుంది. చెయ్యి ఆగిందా, మాడిపోతుంది. ఎత్తి, దులిపి, బాణలికేసి అదిమి, మళ్లీ ఎత్తి... అదిమిన కొద్దీ ఆకు పిచ్చుక నాలుకలా చదునైంది. నాలుగైదు కిలోల పచ్చి చిగురు ఇలా వేపితే చేతికొచ్చేది కిలో.

"2022లో యునెస్కో చైనా టీ తయారీ విద్యను వారసత్వ జాబితాలో చేర్చింది. అది ఈ చేతులకు దక్కిన గౌరవం," అన్నాడు వ్యాపారి మనస్ఫూర్తిగా.

ఇక రుచి చూడాలి. ముందే వేపి ఉంచిన ఆకు 3 గ్రాములు గాజు గ్లాసులో వేశారు. మరిగే నీళ్లు పోస్తే చిగురు ఉడికి చేదెక్కుతుంది. 80 డిగ్రీలకు దిగాలి. నీళ్లు పింగాణీ జగ్గులో వంచి, ముసలాయన మనవరాల్ని పిలిచాడు. పన్నెండేళ్ల పిల్ల జగ్గుకు వేళ్లానించి, చటుక్కున తీసింది.

"ఆగు తాతా." కాసేపాగి మళ్లీ ఆనించింది. "ఇప్పుడు పొయ్యి."

ముందు కాసిని పోసి ఆకు తడిపాడు. వేపిన గింజల కమ్మదనం గుప్పున లేచింది. తక్కిన నీళ్లు పోయగానే చిగుళ్లు నిటారుగా నిలబడి, ఒక్కొక్కటే అడుక్కి దిగాయి. వ్యాపారి గుక్కెడు తాగి కళ్లు మూసుకున్నాడు. వగరు తగిలీ తగలనట్టుంది. వెనకే గొంతులో తీపి.

"5 కిలోలు రాసుకోండి షీఫూ. అంతా చేత్తోనే!" డబ్బు తీస్తూ పిల్ల వంక మెచ్చుకోలుగా చూశాడు. "మనవరాలికి అప్పుడే విద్య నేర్పుతున్నారే!"

"విద్య కాదండీ," అంది పిల్ల. "తాత వేళ్లకి వేడి తెలియడం మానేసి చాలా ఏళ్లయింది."